ఇంటి సర్వర్‌కు యూపీఎస్ ఎంపిక: నా అనుభవం

"ఇన్వర్టర్ ఉండగా మళ్లీ యూపీఎస్ ఎందుకు?" ఇంట్లోవాళ్లూ ఇదే అడిగారు, కొట్టువాళ్లూ ఇదే అడిగారు. యూపీఎస్ అంటే కరెంటు పోయిన క్షణంలోనే తన బ్యాటరీతో కంప్యూటర్‌ను ఆగకుండా నడిపే పెట్టె. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి గట్టి జవాబు దొరికేదాకా నేను ఏదీ కొనలేదు. జవాబు దొరికాక ఏది కొనాలో చాలావరకు దానంతట అదే తేలిపోయింది.

మాది తెనాలి. మా మామగారు నాటకాల మనిషి. పరిషత్తు పోటీల్లోనూ తిరునాళ్లలోనూ ఆడిన పద్యనాటకాలను చిన్న టేప్ రికార్డరు పెట్టి ఏళ్ల తరబడి రికార్డు చేసుకున్నారు. ఆ క్యాసెట్లకు బూజు పట్టడం మొదలయ్యాక ఒక్కొక్కదాన్నీ శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ వచ్చాను. కొన్ని టేపులు ఒక్కసారి మాత్రమే తిరిగాయి. ఆ తర్వాత పైపూత పొడిగా రాలిపోయింది. ఆ రాగాలు, ఆ చప్పట్లు, మధ్యలో "వన్స్‌మోర్" అని అరిచిన ప్రేక్షకుల గొంతులు ఇప్పుడు హార్డ్ డిస్కుల మీదే ఉన్నాయి. హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో ఇంకో ప్రతి ఉంది. రాత్రిపూట కొత్త ఫైళ్లు ఇంటర్నెట్ మీదుగా అక్కడికి చేరతాయి. అయినా అసలు పనంతా జరిగేది మా ఇంటి సర్వర్‌లోనే, అంటే ఈ ఫైళ్లన్నీ దాచిపెట్టే కంప్యూటర్‌లోనే. పాత డెస్క్‌టాప్ డబ్బా, తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసర్, నాలుగు హార్డ్ డిస్కులు, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది.

హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తానే లెక్కలు రాసుకుంటుంది. స్మార్ట్ అని పిలిచే ఆ పట్టికలో 192వ అంశం ఒకటుంది. కరెంటు ఉన్నట్టుండి తెగిపోవడం వల్ల డిస్కు తన హెడ్‌ను, అంటే పళ్లెం మీద చదివే, రాసే ముల్లును, హడావిడిగా పక్కకు లాక్కున్న సందర్భాల లెక్క అది. కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపితే హెడ్ నింపాదిగా తన చోటికి వెళ్తుంది. కరెంటు తెగితే, తిరుగుతున్న పళ్లెంలో మిగిలిన వేగాన్నే కాసింత విద్యుత్తుగా మార్చుకుని, దాంతో హెడ్‌ను బయటికి లాగుతుంది. తయారీదారులు మామూలు పార్కింగును లక్షల సార్లు తట్టుకుంటుందని చెబుతారు. ఈ అత్యవసర పార్కింగుకు చెప్పే అంకె వేలల్లోనే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఈ 192వ అంకె పెరగకూడదు. మా డిస్కుల్లో పెరుగుతూనే ఉంది. నేను యూపీఎస్ వెతుకులాటలో పడింది అందుకే.

ఇన్వర్టర్ ఎక్కడ చేతులెత్తేస్తోందో ముందు చూశాను. మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్లలో చాలావాటికి వెనకవైపు ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. ఒకవైపు మామూలు మోడ్, రెండోవైపు యూపీఎస్ మోడ్. మామూలు మోడ్‌లో వోల్టేజీ 100 దాకా పడిపోయినా, 290 దాకా పెరిగినా ఇన్వర్టర్ దాన్నే లోపలికి వదిలేస్తుంది. బ్యాటరీ మీదికి మారడానికి కూడా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అది చాలు. యూపీఎస్ మోడ్‌లో త్వరగా మారుతుంది, కానీ వోల్టేజీ సుమారు 180కి తగ్గితే చాలు, కరెంటు లేనట్టే లెక్కేసి బ్యాటరీని వాడటం మొదలుపెడుతుంది. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి మొదలయ్యాక మా ఇంట్లో మల్టీమీటరు 175, 178 చూపిస్తుంది. ఆ వేళ యూపీఎస్ మోడ్‌లో ఉంచితే, కరెంటు ఉండగానే బ్యాటరీ కరిగిపోతుంది. తర్వాత రాత్రి నిజంగా కరెంటు పోయినప్పుడు అందులో ఏమీ మిగలదు. మామూలు మోడ్‌లో ఉంచితే మారే క్షణంలో సర్వర్ ఆగిపోయే ప్రమాదం.

ఆ క్షణం గురించి ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ పవర్ సప్లైలో ఉండే పెద్ద కెపాసిటరు, కరెంటు తెగినా కొద్దిసేపు నెట్టుకొస్తుంది. డెస్క్‌టాప్ పవర్ సప్లైలకు ప్రమాణమైన ఏటీఎక్స్ మార్గదర్శకాల ప్రకారం ఎక్కువ లోడు మీద అది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. కాబట్టి ఒక పూర్తి చుట్టు తప్పిపోయినా తట్టుకోవడం కష్టమే. లోడు తక్కువగా ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది. అందుకే సర్వర్ కొన్నిసార్లు బతికిపోయేది, కొన్నిసార్లు ఆగిపోయేది. డిస్కులన్నీ ఒకేసారి పని చేస్తున్నప్పుడు ఆగిపోయేది.

దీనికి తోడు ఇంకో సంగతి. మా వంటింటి ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైను మీదే ఉంది. కరెంటు లేనప్పుడు ఎవరైనా గ్రైండరు వేస్తే ఓవర్‌లోడ్ అయి ఇన్వర్టర్ కట్టేసుకుంటుంది. దాంతో పాటే సర్వర్ కూడా ఆగిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద లోటు మరొకటి. ఇన్వర్టర్ మూగది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబ్యులర్ బ్యాటరీ గంటల తరబడి నడిపిస్తుంది, నిజమే. కానీ "ఇంక నా వల్ల కాదు, నువ్వు సర్దుకో" అని సర్వర్‌కు చెప్పే దారి దానికి లేదు. బీప్‌మని మొత్తుకుంటుంది. అర్ధరాత్రి రెండింటికి ఆ మొత్తుకోలు వినేవాళ్లెవరు? సర్వర్‌కు కావాల్సింది ఎక్కువ నిమిషాల కరెంటు కన్నా ముందుగా అందే ఒక కబురు. గంటల తరబడి నడిపే పని ఇన్వర్టర్ చూసుకుంటుంది. మారే క్షణాన్ని దాటించడం, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసినప్పుడు సర్వర్‌ను పద్ధతిగా పడుకోబెట్టడం యూపీఎస్ పని. ఈ తీరున పని పంచుకున్నాక, పెద్ద బ్యాటరీ ఉన్న యూపీఎస్‌ల వంక చూడాల్సిన అవసరమే పోయింది.

తర్వాత లోడు కొలిచాను. ప్లగ్గుకు మధ్యలో పెట్టే వాట్ మీటరు ఒకటి తెప్పించాను. డబ్బా మీద రాసిన పవర్ సప్లై సామర్థ్యాన్ని చూసి లెక్కలు వేసుకునేవాళ్లు ఈ మీటరు ఒక్కసారి పెట్టి చూడాలి. నా పవర్ సప్లై మీద 450 వాట్లని ఉంటుంది. సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేది 45 వాట్ల దగ్గర. ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో, నాలుగు డిస్కులూ ఒకేసారి తిరగడం మొదలైనప్పుడు మాత్రం 120 దాటుతుంది. ఇంటర్నెట్ పెట్టె, రౌటరు, నెట్‌వర్క్ స్విచ్చి కలిపి మరో 20. అన్నీ కలిసి మామూలుగా 65 వాట్లు.

యూపీఎస్‌ల మీద పెద్దగా రాసేది వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్లు. మనకు కావాల్సింది వాట్లు. 600 వీఏ అని రాసిన చాలా యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లు. 1000 వీఏ అంటే చాలా మోడళ్లలో 600 వాట్లు. నా 65 వాట్లకు అన్నిటికంటే చిన్నదే ఎక్కువ. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 84 వాట్ అవర్లు ఉంటాయి. అంత వేగంగా లాగితే అందులో సగం చిల్లరే చేతికొస్తుంది, యూపీఎస్ తాను తినేది పోగా అరగంటకు అటూఇటూ. నాకు కావాల్సింది అయిదు నిమిషాలు.

రకాల విషయానికొస్తే, మూడు ఉన్నాయి. ఆఫ్‌లైన్ అన్నిటికంటే చవక. కరెంటు ఉన్నంతసేపు వచ్చిన వోల్టేజీని వచ్చినట్టే పంపిస్తుంది. మా సాయంత్రాల 175 వోల్టులకు అది పనికిరాదు. లైన్ ఇంటరాక్టివ్‌లో లోపల స్టెబిలైజరు లాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వోల్టేజీ పడిపోతే బ్యాటరీని ముట్టుకోకుండానే పైకి లేపుతుంది. ఆన్‌లైన్ రకం వచ్చిన కరెంటును డీసీగా మార్చి, మళ్లీ కొత్తగా ఏసీని తయారుచేసి ఇస్తుంది. మారే క్షణమనేదే ఉండదు. ఆసుపత్రి యంత్రాలకూ బ్యాంకు సర్వర్లకూ అదే తగినది. కానీ దాని ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఊరికే ఉన్నా కొన్ని పదుల వాట్లు వేడి కింద పోతాయి, ధర రెండు మూడు రెట్లు. పడకగది పక్కనే ఉన్న చిన్న గదిలో 65 వాట్ల సర్వర్‌కు అది అక్కర్లేదని తేల్చుకున్నాను.

బ్యాటరీ మీద ఉన్నప్పుడు యూపీఎస్ ఇచ్చే తరంగం ఏ ఆకారంలో ఉంటుందన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. చవక యూపీఎస్‌లు మెట్లు మెట్లుగా ఉండే తరంగాన్ని ఇస్తాయి. ఇప్పటి మంచి పవర్ సప్లైలన్నిటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉంటుంది. లైను నుంచి తీసుకునే కరెంటును తరంగానికి తగ్గట్టు సర్దేది అది. వాటిలో కొన్ని మెట్ల తరంగాన్ని చూస్తే ఝుమ్మని మూలుగుతాయి, కొన్ని ఏకంగా ఆగిపోతాయి. చాలావరకు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయని నాకు తెలుసు. కానీ నడుస్తుందో లేదో తెలిసేది కరెంటు పోయినప్పుడే. మామగారి క్యాసెట్ల విషయంలో అలాంటి పందెం కాయదలచుకోలేదు. మెట్లు లేని నున్నటి తరంగం, అంటే ప్యూర్ సైన్ వేవ్ ఇచ్చే లైన్ ఇంటరాక్టివ్ కావాలనుకున్నాను. ఈ రకం చిన్న సైజుల్లో దొరకడం కష్టం. 1000 వీఏ దగ్గరికి వస్తేగాని దొరకలేదు.

గుంటూరులో కంప్యూటర్ సామాన్ల కొట్టుకు వెళ్లాను. యజమాని పెద్దాయన. మొదటి ప్రశ్న నేను ఊహించిందే.

"ఎంతసేపు బ్యాకప్ కావాలండీ?"

"అయిదు నిమిషాలు చాలండీ. కానీ వెనక యూఎస్‌బీ పోర్టు ఉండాలి."

ఆయన ఒక్క క్షణం నా వంక చూశారు. "ఆ పోర్టు ఇంతవరకూ ఎవరూ అడగలేదు బాబూ. ఉన్నా ఎవరూ వాడరు" అన్నారు. లోపలి నుంచి రెండు మూడు పెట్టెలు తెప్పించారు. ఒకదానికి పోర్టే లేదు. ఇంకోదానికి ఉంది గాని అది ఫోను ఛార్జింగుకు మాత్రమే, సమాచారం ఏమీ రాదు. పెట్టె మీద "యూఎస్‌బీ" అని చూసి కొనేవాళ్లు ఈ తేడా గమనించాలి. మూడోది అసలైనది.

ఆయన అనుమతితో లాప్‌టాప్ తీసి అక్కడే కేబుల్ తగిలించాను. లినక్స్‌లో యూపీఎస్‌లతో మాట్లాడటానికి నట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. దాని పూర్తి పేరు నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. యూపీఎస్‌లు ముఖ్యంగా రెండు భాషల్లో కబురు పంపుతాయి. ఒకటి యూఎస్‌బీ వారి హెచ్ఐడీ పద్ధతి. బ్యాటరీ ఎంత శాతం ఉంది, ఇంకా ఎన్ని నిమిషాలు వస్తుంది అన్నీ యూపీఎస్సే చెబుతుంది. రెండోది మెగాటెక్ అనే పాత సీరియల్ పద్ధతి. మన దగ్గర దొరికే చాలా చవక యూపీఎస్‌లు ఇదే మాట్లాడతాయి. లాప్‌టాప్‌కు తగిలిస్తే 0665:5161 అనే గుర్తింపు సంఖ్య కనబడిందంటే సాధారణంగా ఇదే రకం. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, లోడు, కరెంటు ఉందా లేదా అన్నవి చెబుతుంది. బ్యాటరీ శాతాన్ని మాత్రం దాని వోల్టేజీని బట్టి మనమే అంచనా వేసుకోవాలి. నాకు రెండోది దొరికినా సరిపోయేది, ఎందుకంటే నేను శాతం మీద ఆధారపడదలచుకోలేదు. అదృష్టం కొద్దీ అది హెచ్ఐడీ రకమే. తెర మీద "ఓఎల్" అని కనబడింది, అంటే లైను మీద ఉన్నట్టు. యజమాని గోడ మీది స్విచ్చి ఆపగానే టక్‌మని రిలే శబ్దం, వెంటనే "ఓబీ", అంటే బ్యాటరీ మీద. స్విచ్చి మళ్లీ వేయగానే "ఓఎల్". పెద్దాయన కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరగా చూశారు. "ఇన్నాళ్లూ అమ్ముతున్నా ఇది ఇట్లా మాట్లాడుతుందని తెలియదండీ" అన్నారు. అక్కడికక్కడే తీసుకున్నాను. పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16242 సంఖ్య ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాను. చిన్న యూపీఎస్‌లకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇంటికి తెచ్చాక సర్వర్ తగిలించే ముందు ఎర్తింగ్ చూశాను. యూపీఎస్‌లో ఉండే సర్జ్ రక్షణకు, అంటే వోల్టేజీ ఉన్నట్టుండి ఎగసినప్పుడు కాపాడే ఏర్పాటుకు, మంచి ఎర్త్ ఉండి తీరాలి. అది లేకపోతే రక్షణ చాలావరకు పేరుకే. మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే 230 దగ్గర రావాలి, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మా ఇంట్లో ఆ రెండో అంకె ఇరవై దాటింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే పెరట్లో ఎర్త్ గుంత మూత తీసి చూపించాడు. మట్టి పగుళ్లు బారి ఉంది. తీగ కలిసే చోట చిలుము పట్టిన బోల్టును మార్చి, బొగ్గూ ఉప్పూ వేసి, రెండు బకెట్ల నీళ్లు పోశాడు. "ఎండాకాలంలో వారానికోసారి నీళ్లు పోయండి సార్" అని చెప్పి వెళ్లాడు. తర్వాత కొలిస్తే రెండు వోల్టుల లోపే. యూపీఎస్ కొనకపోయినా చూసుకోవాల్సిన సంగతే ఇది. ఫ్రిజ్‌ను ముట్టుకుంటే చురుక్కుమనడం కూడా దాంతోనే పోయింది.

ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ పెడితే రెండూ సర్దుకుంటాయా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. మా ఇన్వర్టర్ సైన్ వేవ్ రకం కాబట్టి ఏ గొడవా లేదు. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ బ్యాటరీ మీదికి వెళ్తుంది. కొన్ని సెకన్లలో ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును చూసి, నమ్మకం కుదిరాక మళ్లీ లైను మీదికి వస్తుంది. అయితే మా బాబాయి గారి ఇంట్లో చదరపు ఆకారపు తరంగం ఇచ్చే పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంది. అక్కడ ఎలా ఉంటుందో చూద్దామని ఒక సాయంత్రం యూపీఎస్‌ను పట్టుకెళ్లాను. మెయిన్ ఆపగానే మొదలైంది. టక్, టక్, టక్. ఆ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును యూపీఎస్ ఒప్పుకోదు, మధ్యమధ్యలో ఒప్పుకున్నట్టే చేసి మళ్లీ వదిలేస్తుంది. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతుండగా యూపీఎస్ బ్యాటరీ మాత్రం కరిగిపోతూ ఉంది. బాబాయి గారు శబ్దం విని "ఏమిటిరా ఆ చప్పుడు, కాలిపోదు కదా?" అని కంగారుపడ్డారు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అయితే యూపీఎస్‌ను ఇన్వర్టర్ లైను మీద కాకుండా నేరుగా మెయిన్ లైను ప్లగ్గుకే ఇచ్చి, కరెంటు పోగానే సర్వర్‌ను ఆపేసుకోవడం మేలు.

ఇక కబురు అందుకున్నాక సర్వర్ ఏం చేయాలన్నది. ముందు దాన్ని పద్ధతిగా ఆపడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. డేటాబేసు మూసుకోవడం, నడుస్తున్న పనులు ఆగడం, డిస్కులు నిలవడం అన్నీ కలిసి రెండు నిమిషాల లోపే. బ్యాటరీ మీదికి వెళ్లి మూడు నిమిషాలు గడిచినా లైను తిరిగి రాకపోతే ఆపేయమని నట్‌కు చెప్పాను. ఇన్వర్టర్ బాగుంటే లైను సెకన్లలో తిరిగొస్తుంది కాబట్టి, మూడు నిమిషాలు గడిచాయంటే ఇన్వర్టర్ కూడా పోయినట్టే. 1000 వీఏలో బ్యాటరీలు రెండు ఉన్నందున నా లోడు మీద గంట దాకా వస్తుందని తెలుసు. అయినా ఆ గంటనంతా వాడుకోదలచుకోలేదు. మూడేళ్ల తర్వాత బ్యాటరీ నీరసపడి పావుగంటే ఇచ్చినా ఈ ఏర్పాటు చెదరకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. సర్వర్ ఆగిపోతున్న ఆ రెండు నిమిషాల మధ్యలో కరెంటు వచ్చేసిందనుకోండి. సర్వర్ ఆగిపోతుంది, యూపీఎస్ మాత్రం కరెంటు ఇస్తూనే ఉంటుంది. సర్వర్ దృష్టిలో కరెంటు ఎప్పుడూ పోలేదు, కాబట్టి అది తనంతట తాను లేవదు. ఇంట్లో లేనప్పుడు ఇలా జరిగితే ఎవరో ఒకరు బటను నొక్కేదాకా అది అలా పడి ఉండాల్సిందే. దీనికి విరుగుడు నట్‌లోనే ఉంది. సర్వర్ పూర్తిగా ఆగే ముందు చివరి మాటగా "కాసేపాగి నీ అవుట్‌పుట్ కట్టెయ్, లైను ఉంటే మళ్లీ ఇవ్వు" అని యూపీఎస్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌లో, కరెంటు రాగానే ఆన్ కావాలన్న అమరిక పెడితే చాలు, మిగతాది అదే జరిగిపోతుంది. యూపీఎస్ ఈ ఆజ్ఞను పాటిస్తుందో లేదో పెట్టె మీద రాయరు. కొన్ని చవక మోడళ్లు కట్టేసుకుంటాయి గాని, తిరిగి ఇవ్వడానికి బటను నొక్కాల్సిందే. కొన్న వెంటనే, మార్చుకునే గడువు ఉండగానే పరీక్షించాల్సింది ఇదే. నేను సర్వర్ బదులు టేబుల్ ల్యాంపు తగిలించి, లాప్‌టాప్ నుంచి ఆజ్ఞ పంపి చూశాను. ల్యాంపు ఆరింది, కొన్ని సెకన్ల తర్వాత వెలిగింది. ఆ తర్వాతే సర్వర్‌ను దానికి అప్పగించాను.

వానాకాలం మొదట్లో ఒక రాత్రి గాలివానకు తీగల మీద చెట్టు కొమ్మ పడి తెల్లవార్లూ కరెంటు లేదు. పొద్దున లేచేసరికి ఇన్వర్టర్ కూడా ఆగిపోయి ఉంది. కరెంటు వచ్చాక సర్వర్ రాసుకున్న చిట్టా, అంటే లాగ్ చదివాను. ఇన్వర్టర్ ఆగిన క్షణం, మూడు నిమిషాల నిరీక్షణ, ఒక్కొక్క సేవ మూసుకున్న వరస, చివరికి యూపీఎస్‌కు ఇచ్చిన ఆజ్ఞ, అన్నీ క్రమం తప్పకుండా ఉన్నాయి. సర్వర్ దానంతట అదే లేచి, రాత్రి ఆగిపోయిన నాటకం నకలును హైదరాబాద్‌కు పంపడం మొదలుపెట్టేసింది. నెట్‌వర్క్ స్విచ్చినీ ఇంటర్నెట్ పెట్టెనూ కూడా అదే యూపీఎస్ మీద పెట్టినందుకు ఆగబోతున్నానన్న సందేశం కూడా రాత్రే నా ఫోనుకు వచ్చి ఉంది.

యూపీఎస్‌ను ఎక్కడ పెట్టాలన్నది తేలిగ్గా తీసుకోకూడదు. మా ఇంట్లో మొదట అటక మీద పెడదామన్నారు. స్లాబు కింద ఎండాకాలం వేడి ఎలా ఉంటుందో తెలిసిందే. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన చెబుతారు. ఆ పైన సుమారు ప్రతి పది డిగ్రీలకూ అది సగానికి పడిపోతుంది. ఐదేళ్లు రావాల్సింది రెండేళ్లకే చాలిస్తుంది. అందుకని ఉత్తరం గోడ పక్కన, నేల మీద, గాలి తగిలేలా చిన్న చెక్కపీట వేసి పెట్టాను. లోపలున్నవి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలు, ఏ ఊళ్లోనైనా దొరికే సైజు, ఒక్కోటి వెయ్యి రూపాయలకు అటూఇటూ. కింద నాలుగు స్క్రూలు తీస్తే మార్చుకోవచ్చు. ప్రత్యేకమైన బ్యాటరీ ప్యాకు ఉండే మోడళ్లను నేను వద్దనుకున్నది ఇందుకే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఎక్కువ కాలం వస్తాయి, వేడిని బాగా తట్టుకుంటాయి. కానీ లెడ్ యాసిడ్ కోసం చేసిన యూపీఎస్‌లో వాటిని పెట్టవద్దు. ఛార్జింగ్ వోల్టేజీలు వేరు, బ్యాటరీ నిండిందో లేదో తెలుసుకునే పద్ధతి వేరు. లిథియం కావాలంటే మొదటి నుంచీ దానికోసమే చేసిన యూపీఎస్ కొనుక్కోవాలి.

బ్యాటరీల మీద కొన్న నెలా సంవత్సరమూ స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను. మూడు నెలలకోసారి మెయిన్ ఆపి పది నిమిషాలు నడిపి, వోల్టేజీ ఎంత వేగంగా పడిపోతోందో చూస్తున్నాను. మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు పాతవాటిని పాత ఇనప సామాన్లవాళ్లకు వేయకుండా కొత్తవి కొన్న కొట్టులోనే ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను పోగుచేసి పద్ధతిగా రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులది. లోపలున్నది సీసమూ ఆమ్లమూ. పెరట్లో పగలగొట్టి సీసం కరిగించేవాళ్ల చేతికి అది పోకూడదు. పాత బ్యాటరీ తెచ్చి ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తానని గుంటూరు పెద్దాయన ముందే చెప్పారు.